ఓమ్ని ఇంజిన్: కొలత తీయించాకే పిస్టన్లు కొనండి

అన్నా, మిర్యాలగూడ, దేవరకొండ మధ్య తిరిగే మీ ఓమ్ని 2,40,000 కిలోమీటర్లు దాటిందని, నీలం పొగ వస్తోందని, మెకానిక్ అప్పుడే పిస్టన్ సెట్ తెమ్మన్నాడని రాశారు. ఆగండి, ఇప్పుడే కొనొద్దు.

ముందు మూడు సిలిండర్లకూ కంప్రెషన్ (లోపల గాలి ఎంత ఒత్తిడికి నొక్కుకుంటోందో) చూపించండి. తక్కువ వచ్చినదాంట్లో ప్లగ్ రంధ్రంలోంచి ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ చూడాలి. రీడింగ్ బాగా పెరిగితే పిస్టన్ రింగులో, బోరో (సిలిండర్ లోపలి గోడ) అరిగినట్టు. పెరగకపోతే వాల్వులనో, హెడ్ గ్యాస్కెట్‌నో అనుమానించాలి. పొద్దున స్టార్ట్ చేసినప్పుడు మాత్రమే కాసేపు పొగ వచ్చి ఆగుతుంటే వాల్వ్ సీళ్లు మారిస్తే సరిపోవచ్చు.

ఇంజిన్ విప్పక తప్పదంటే బోరు, క్రాంక్ షాఫ్ట్ కొలిపించాకే పిస్టన్లు 0.25 మి.మీ. పెద్ద సైజా, 0.50 మి.మీ. పెద్ద సైజా తేల్చుకోండి. కొత్త పిస్టన్లు లేత్ షాపులో ఇచ్చి, వాటికి తగ్గట్టు బోరు చేయమనండి. రింగును బోరులో పెట్టి, కొసల మధ్య గ్యాప్‌ను ఫీలర్ గేజ్‌తో (సన్న సందులు కొలిచే రేకులు) మీ ఎదుటే చూడమనండి. నా బండికి నల్గొండలో ఈ ఒక్క పని చేయకుండా బిగించారు, నెలకే పొగ తిరిగొచ్చింది. రింగులు, బేరింగులు, గ్యాస్కెట్లు చవకవి అసలే వద్దు. ఆయిల్ పంపు కూడా చూపించండి. రీడింగులు రాగానే ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.