యూరప్ పంటల చరిత్ర కూడు పెడుతుందా?

ప్రశ్న: మా అమ్మాయి బీఏ చరిత్ర చివరి సంవత్సరంలో ఉంది. నాలుగు వందల ఏళ్ల కిందటి యూరప్ వ్యవసాయం, వర్తకం మీద పరిశోధన చేసి ప్రొఫెసర్ అవుతానంటోంది. ఉద్యోగం వస్తుందా? అప్పు చేసి విదేశాలకు పంపమంటారా?
– ఒక తండ్రి, తెనాలి

జవాబు: ఉద్యోగం వస్తుందండి, కాకపోతే ఆలస్యంగా. ఎమ్మే 2 ఏళ్లు, పీహెచ్‌డీ మరో 4 నుంచి 6 ఏళ్లు, ఆపైన కొన్నాళ్లు తాత్కాలిక పరిశోధన కొలువులు. ముప్పై దాటాకే స్థిరపడుతుందని ఇంట్లో ఇప్పుడే అనుకోండి. సంబంధాలు చూసే బంధువులకూ చెప్పి ఉంచండి.

అంతకన్నా ముఖ్యం, ఆ పని ఆమెకు సరిపడుతుందా అన్నది. అది ఎలాంటి పనో ఒక ఉదాహరణ చూడండి. డెన్మార్క్‌లోని హెల్సింగోర్ దగ్గర బాల్టిక్ సముద్రానికి దారితీసే ఇరుకు జలసంధి ఉంది. అటుగా వెళ్లే ఓడలు అక్కడ ఆగి రాజుకు సుంకం కట్టేవి. 1497 నుంచి 1857 వరకు రాసిన ఆ చిట్టాలు, తొలినాళ్లవి కొన్ని పోగా, భద్రంగా ఉన్నాయి. సరంగు పేరు, అతని ఊరు, ఏ రేవు నుంచి వస్తున్నాడు, ఎన్ని లాస్టుల రై ధాన్యం, ఎంత సుంకం: పద్దు ఇంతే. లాస్టు అంటే సుమారు 2 టన్నులు. డాంజిగ్ (ఇప్పటి పోలండ్‌లోని గ్డాన్స్క్ రేవు) ధాన్యం ఆమ్‌స్టర్‌డామ్‌కు చేరుతుంటే, డచ్చి (నెదర్లాండ్స్) రైతులు తిండిగింజలు తగ్గించి పాడి వైపు, వెన్న, జున్నుల వైపు ఎలా మళ్లారో తేల్చాలంటే ఇలాంటి పద్దులే వేలకు వేలు చదవాలి. దాదాపు 18 లక్షల ఓడ ప్రయాణాల వివరాలు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఈ వేసవిలో ఒక రేవు, ఒక పదేళ్లు ఎంచుకుని పట్టిక వేయమనండి. వారం తిరగకముందే విసుగు పుడితే ఈ దారి వద్దు.

ఓపిక ఉందని తేలితే వెంటనే భాష మొదలుపెట్టాలి. ఇంగ్లిష్ ఒక్కటే చాలదు. హైదరాబాద్‌లో జర్మన్, ఫ్రెంచ్ నేర్పేవారున్నారు. జర్మన్ వస్తే డచ్చి సులువవుతుంది. పాత చేతిరాత చదవడం, కొంత గణాంకశాస్త్రం కూడా తప్పవు.

నా ఓటు డచ్చికే. మన విశ్వవిద్యాలయాల్లో యూరప్ చరిత్రకంటూ విడిగా పోస్టులు బహు తక్కువ. అయితే 1602లో పుట్టిన డచ్చి ఈస్టిండియా కంపెనీ 1605 నాటికే మచిలీపట్నంలో వర్తకం పెట్టింది. దాని కాగితాలు హేగ్‌లోని జాతీయ అభిలేఖాగారంలో ఉన్నాయి. వాటిని మూలంలో చదవగల భారతీయులు కొద్దిమందే. ఆమ్‌స్టర్‌డామ్ ధాన్యంతోపాటు కోరమాండల్ బట్టల వర్తకం మీద కూడా రాయగలిగితే ఇక్కడా అక్కడా అడుగుతారు.

అప్పు మాత్రం చేయకండి. నెదర్లాండ్స్‌లో పీహెచ్‌డీ విద్యార్థులు చాలామంది జీతం తీసుకునే ఉద్యోగులే. మాస్టర్స్‌కు యూరోపియన్ యూనియన్ ఇచ్చే ఎరాస్మస్ ముండుస్ ఉపకారవేతనం ప్రయత్నించవచ్చు. అది రాకపోతే ఎమ్మే ఇక్కడే చేయించి, నెట్ (యూజీసీ జాతీయ అర్హత పరీక్ష) రాయించండి. అందులో జేఆర్‌ఎఫ్ (పరిశోధనకిచ్చే ఉపకారవేతనం) వస్తే పీహెచ్‌డీ ఖర్చు మీ మీద పడదు.