బేరమాడటం వేరు, లేని తేమ ఉందనడం వేరు

"మా అబ్బాయి ఎంబీఏ చేసి, గుంటూరులో మిర్చి ఎగుమతి సంస్థలో కొనుగోళ్ల విభాగంలో చేరాడు. మూడు నెలలకే 'రోజూ అబద్ధాలాడాలి, మానేస్తా' అంటున్నాడు. వ్యాపారమన్నాక బ్లఫ్ చేయకపోతే ఎలా అని మా బావగారు. ఏం చేయమంటారు?"
– ఒక తండ్రి, గుంటూరు

ముందు అబ్బాయిని కూర్చోబెట్టుకుని అడగండి, "ఏ మాట నీ నోట రాలేదు నాన్నా?" అని. ఉద్యోగం సంగతి ఆ జవాబును బట్టే తేలుతుంది.

మిర్చి యార్డులో టిక్కీ, అంటే మిర్చి బస్తా, విప్పి గుప్పెడు కాయలు తీస్తారు. ఆడిస్తే గింజలు గలగలమన్నాయంటే కాయ బాగా ఆరినట్టే. అప్పుడు "క్వింటాలుకు ఇంతకు మించి గిట్టదండీ" అన్నాడనుకోండి, ఇంకో 200 పెంచే వీలున్నా అది బేరమే. రైతుకూ అది తెలుసు, ఆయనా తన ఆఖరి ధర చెప్పడు. అదే గుప్పెడు పట్టుకుని "తేమ ఉంది, తగ్గించు" అంటే మాత్రం మోసం. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 17వ సెక్షన్ కూడా దాదాపు ఇదే గీత గీసింది. ఊరుకోవడం మామూలుగా మోసం కాదు, అబద్ధమని తెలిసీ నిజమని నమ్మించడం మోసం.

మీ బావగారి వాదన పాతదే. 1968లో ఆల్బర్ట్ కార్ అనే రచయిత హార్వర్డ్ బిజినెస్ రివ్యూ పత్రికలో వ్యాపారాన్ని పోకర్ అనే పేకాటతో పోల్చారు. ఆటలో బ్లఫ్‌ను ఎవరూ తప్పుపట్టరు కదా అని. నాకది మింగుడుపడదు. పోకర్ బల్ల దగ్గరికి వచ్చినవాడు ఆడటానికే వస్తాడు. పల్నాడు నుంచి రాత్రంతా లారీలో వచ్చిన రైతు ఆటకు రాలేదండీ. పురుగుమందుల కొట్టు బాకీ, కోత కూలీలు, అన్నీ ఆ టిక్కీల మీదే ఉన్నాయి.

మీవాడు ధర దాచడానికే ఇబ్బంది పడుతుంటే మానొద్దనండి, బేరం నేర్చుకోవాల్సిన విద్యే. సరుకు గురించి లేనిది చెప్పమంటుంటే, "ధర దగ్గర గట్టిగా నిలబడతా, కాయ గురించి మాత్రం ఉన్నదే చెబుతా" అని పైఅధికారికి సూటిగా చెప్పమనండి. ఒప్పుకోకపోతే వేరే ఉద్యోగం చూసుకుని బయటికి రావాలి. ఇదే రంగంలో ఎగుమతి డాక్యుమెంట్లు, నాణ్యత విభాగాలున్నాయి. అక్కడ రంగు, ఘాటు, ఆఫ్లాటాక్సిన్ (బూజు వల్ల పుట్టే విషం) లెక్కలు ల్యాబ్ కాగితం మీద ఉంటాయి. కొత్త ఇంటర్వ్యూలో ఎందుకు మానేశావంటే పాత సంస్థను తిట్టక్కర్లేదు, కొనుగోళ్లకన్నా నాణ్యత పని మీద ఆసక్తి అంటే చాలు. ఆ మాట నిజమైతేనే సుమా.