పాలు పడకపోతే పెరుగు కూడా మానేయాలా?

ప్రశ్న: నా వయసు 42 ఏళ్లు. కొన్ని నెలలుగా పాలు తాగిన గంట, రెండు గంటల్లో కడుపు ఉబ్బరం, గుడగుడలు. ఒక్కోసారి నీళ్ల విరేచనాలూ అవుతున్నాయి. పెరుగు తింటే మాత్రం ఏమీ కాదు. పాల పదార్థాలన్నీ మానేయమని తెలిసినవాళ్లు అంటున్నారు. మా అమ్మకు తుంటి ఎముక విరిగింది. మానేస్తే నా ఎముకలూ గుల్లబారతాయేమోనని భయంగా ఉంది. థైరాయిడ్ తక్కువగా ఉందని మాత్ర ఇచ్చారు. పొద్దున్నే పాలు కలిపిన కాఫీతో వేసుకుంటాను. ఏం చేయమంటారు?

డాక్టర్ సలహా: అన్నీ మానేయక్కర్లేదు. పాలు పడటం లేదు గానీ పెరుగు పడుతోందని మీరే రాశారు. దాన్నిబట్టి చూస్తే, మీకు పాలలోని లాక్టోజ్ అనే చక్కెర సరిగా అరగటం లేదనిపిస్తోంది. దీన్ని అరిగించే లాక్టేజ్ ఎంజైమ్ పసితనంలో దండిగా ఉంటుంది, పెద్దయ్యేకొద్దీ చాలామందిలో తగ్గిపోతుంది. ప్రపంచంలో పెద్దవాళ్లలో సుమారు మూడింట రెండొంతుల మంది పరిస్థితి ఇదే, కాబట్టి బెంగపడకండి. అరగని లాక్టోజ్ పెద్దపేగులోకి దిగి నీటిని లాగుతుంది. అక్కడి బ్యాక్టీరియా దాన్ని పులియబెట్టి గ్యాస్ పుట్టిస్తుంది. మీ కడుపులో గుడగుడలు అవే. పెరుగులో కొంత లాక్టోజ్ తోడుకునేటప్పుడే తగ్గిపోతుంది. మిగిలినది అరగటానికి పెరుగులోని బ్యాక్టీరియా పేగుల్లోనూ సాయపడుతుంది. బాగా మాగిన గట్టి చీజ్‌లోనైతే లాక్టోజ్ దాదాపు ఉండదు.

రెండు వారాలు పాలు ఆపి చూడండి. కడుపు కుదుటపడ్డాక అర కప్పు పాలు, అదీ ఖాళీ కడుపున కాకుండా భోజనంతో పాటు తీసుకోండి. ఎంత తాగితే ఏమైందో రాసిపెట్టుకోండి. చాలామంది ఒకేసారి 12 గ్రాముల లాక్టోజ్ వరకు, అంటే ఇంచుమించు గ్లాసు పాలు, తట్టుకోగలరు. లాక్టోజ్ తీసేసిన పాలు కూడా దొరుకుతాయి, వాటిలో క్యాల్షియం ఏమీ తగ్గదు. ఒకటి గుర్తుంచుకోండి: పాలు తాగగానే దద్దుర్లు, పెదాల వాపు, ఆయాసం వస్తే అది పాల ప్రొటీన్‌కు అలర్జీ. అలాంటివాళ్లకు పెరుగు కూడా ప్రమాదమే.

ఇక ఎముకల సంగతి. 250 మిల్లీలీటర్ల పాలలో సుమారు 300 మిల్లీగ్రాముల క్యాల్షియం, 8 గ్రాముల ప్రొటీన్ ఉంటాయి. మీ వయసులో రోజుకు దాదాపు 1000 మిల్లీగ్రాముల క్యాల్షియం కావాలి. మాంసాహారం తిననివాళ్లకు విటమిన్ బీ12 అందించే ముఖ్యమైన దారి కూడా పాలే. అందుకే మొత్తంగా మానేయడాన్ని నేను ఒప్పుకోను. అలాగని పాలు తాగినంత మాత్రాన ఎముకలు విరగవనీ కాదు. విటమిన్ డి, నడక, బరువులెత్తే వ్యాయామం కూడా అంతే అవసరం. అమ్మకు తుంటి విరిగిందన్న సంగతి మీ డాక్టరుకు తప్పక చెప్పండి, మీ ఎముకల సాంద్రత పరీక్ష ఎప్పుడు చేయాలో నిర్ణయించడానికి అది పనికొస్తుంది.

నష్టాలూ లేకపోలేదు. వెన్న, మీగడలోని సంతృప్త కొవ్వు చెడు కొలెస్ట్రాల్‌ను పెంచుతుంది. చీజ్‌లో ఉప్పు ఎక్కువ. పండ్ల రుచులతో అమ్మే తియ్యటి పెరుగుల్లో చక్కెర కలుపుతారు.

మీ ఉత్తరంలో నన్ను అన్నిటికన్నా కలవరపెట్టింది ఆ కాఫీతో వేసుకునే మాత్ర. కాఫీ, పాలలోని క్యాల్షియం రెండూ థైరాయిడ్ మందును ఒంటికి సరిగా పట్టనివ్వవు. రేపటి నుంచే లేవగానే ఖాళీ కడుపున మంచినీళ్లతో వేసుకుని, కాఫీకి కనీసం అరగంట, వీలైతే గంట ఆగండి. క్యాల్షియం, ఐరన్ మాత్రలు వాడితే నాలుగు గంటల తేడా ఉండాలి. ఇలా మార్చాక మందు ఇంతకు ముందుకన్నా బాగా ఒంటికి పడుతుంది, పాత మోతాదు ఎక్కువైపోవచ్చు కూడా. కాబట్టి 6 నుంచి 8 వారాల్లో టీఎస్‌హెచ్ (థైరాయిడ్ మందు మోతాదు సరిపోతోందో లేదో చెప్పే రక్తపరీక్ష) చేయించుకోండి. ఈలోగా బరువు తగ్గినా, మలంలో రక్తం కనిపించినా, రాత్రి నిద్రలోంచి లేపేలా విరేచనాలు అయినా పాల మీదికి నెట్టేయకుండా వెంటనే జీర్ణకోశ నిపుణులను కలవండి.