పోలరైజర్ పెడితేనే కనిపించే బొమ్మ లామినేషన్ తర్వాత ఎందుకు మసకబారుతుంది?

ఐడీ కార్డు మీద పోలరైజర్ (ఒకే దిశలో కంపించే వెలుగును మాత్రమే పంపే ఫిల్మ్) ఆనిస్తేనే బయటపడే గుప్త బొమ్మ లామినేషన్ చేశాక వెలిసిపోతోందన్నది మీ ప్రశ్న. ముందుగా అనుమానించాల్సింది లామినేషన్ పౌచ్‌నే.

ఆ బొమ్మలో సిరా ఉండదు. అడుగున అల్యూమినియం పూత, దాని మీద సుమారు ఒక మైక్రాన్ మందాన లిక్విడ్ క్రిస్టల్ పాలిమర్ (అణువులు ఒక దిశలో వరసగా ఉండే ప్లాస్టిక్) పొర, అంతే. బొమ్మ ఉన్నచోట అణువుల దిశ చుట్టుపక్కల దిశకు 45 డిగ్రీలు వాలి ఉంటుంది. రంగులోనూ మందంలోనూ తేడా లేదు కాబట్టి స్కానర్‌కీ, కలర్ జిరాక్స్‌కీ అది ఉత్త మెరుపు రేకు. పొర రిటార్డేషన్ (అణువుల దిశలో కంపించే వెలుగుకూ, దానికి అడ్డంగా కంపించే వెలుగుకూ మధ్య వచ్చే వెనుకబాటు) పావు తరంగం, అంటే ఆకుపచ్చ వెలుగుకు దాదాపు 137 నానోమీటర్లు. వెలుగు వెళ్తూ ఒకసారి, అద్దం లాంటి పూతకు తగిలి వస్తూ ఇంకోసారి దాటుతుంది గనుక మొత్తం అర తరంగం. దాంతో బొమ్మ ఉన్నచోట వెలుగు కంపించే దిశ తిరిగిపోతుంది, పోలరైజర్ దాన్ని ఆపేస్తుంది, బొమ్మ నల్లగా కనిపిస్తుంది. అడుగున లోహం బదులు కాగితం ఉంటే వెలుగు చెదిరి పోలరైజేషన్ పోతుంది, బొమ్మా పోతుంది.

చూసేటప్పుడు లీనియర్ పోలరైజర్‌ని కార్డుకు ఆనించి నెమ్మదిగా తిప్పండి. బొమ్మ బాగా నల్లగా ఉన్న చోటు నుంచి 22.5 డిగ్రీలు తిప్పితే పూర్తిగా మాయమవ్వాలి, 45 దగ్గర నలుపు తెలుపు తారుమారవ్వాలి. అచ్చేసిన నకిలీ ఎంత తిప్పినా మారదు. ఫిల్మ్‌ని కంటి దగ్గర పెట్టుకుంటే ఏమీ కనిపించదు, లోపలికి వెళ్లే వెలుగు కూడా దాని గుండానే పోవాలి. అసలు కార్డును నకిలీ అనేసేది చాలాసార్లు ఇక్కడే. థియేటర్‌లో ఇచ్చే సర్క్యులర్ రకం 3డి అద్దాలైతే కంటి వైపు ముఖాన్ని కార్డుకు ఆనించండి, బయటి ముఖం పనికిరాదు.

ఇక పౌచ్. మామూలుగా దొరికేది సాగదీసి చేసిన పాలియెస్టర్, దానికి సొంత బైరిఫ్రింజెన్స్ (కంపించే దిశను బట్టి వెలుగు వేగం మారే గుణం) ఉంటుంది. అది బొమ్మ రిటార్డేషన్‌తో కలిసి కాంట్రాస్ట్‌ని తినేస్తుంది. కొనేముందే పరీక్షించుకోవచ్చు: ఎల్‌సీడీ ల్యాప్‌టాప్‌లో తెల్లటి పేజీ తెరిచి, పోలరైజర్‌ని తెర నల్లబడేదాకా తిప్పి, మధ్యలో షీటు పెట్టి గుండ్రంగా తిప్పండి. ఏ కోణంలోనైనా రంగులు గానీ, బూడిద వెలుగు గానీ కనిపిస్తే ఆ షీటు వద్దు. సెల్యులోజ్ ట్రైఎసిటేట్, కాస్ట్ పాలీకార్బొనేట్ దాదాపు నల్లగానే ఉంటాయి.

ఒక జాగ్రత్త. రేకు అసలుదే అయినా, ఊడదీసి వేరే కార్డు మీద అతికిస్తే ఈ పరీక్ష పాసైపోతుంది. అందుకే రేకును ఫొటో అంచు మీదుగా, సగం ఫొటో మీద సగం కార్డు మీద పడేలా అతికించాలి. జిగురు పట్టు పొర బలం కన్నా ఎక్కువ ఉండాలి, అప్పుడే లాగితే ముక్కలవుతుంది.