మా ఊరి జనాభా వివరాలు ఎక్కడ దొరుకుతాయి, ఎలా చదవాలి?

తెనాలి దగ్గర మీ ఊళ్ళో జనాభా ఎంత, ఆడామగా ఎందరు, అక్షరాస్యత ఎంత అని అడిగారు. ముందుగా ఒక మాట. ఊరి పేరు కొట్టగానే “2024 జనాభా” చూపించే సైట్లను నమ్మకండి. ఊరి స్థాయిలో మన చేతిలో ఉన్నది 2011 జనాభా లెక్కలే. 2021లో జరగాల్సినవి జరగలేదు, తర్వాతివి 2027 మార్చి 1 నాటి జనాభాకి. మధ్యలో ఎవరు ఏ అంకె చెప్పినా అది పాత అంకెకు ఏదో ఒక శాతం కలిపి చెప్పేదే. ఓటర్ల జాబితా కూడా పనికిరాదు. హైదరాబాద్‌లో కాపురం ఉంటూ ఓటుకు మాత్రం ఊరికొచ్చేవాళ్ళు అందులో ఉంటారు, పిల్లలు ఉండరు.

సెన్సస్ వెబ్‌సైట్‌లో 2011 నాటి ప్రైమరీ సెన్సస్ అబ్‌స్ట్రాక్ట్ (ఊరి వారీగా ముఖ్యమైన అంకెల పట్టిక) అనే ఎక్సెల్ ఫైలు తీసుకోండి. జిల్లాల్ని 2022లో విడగొట్టారు కాబట్టి నరసరావుపేట, రేపల్లె వైపు ఊళ్ళు కూడా ఇందులో గుంటూరు జిల్లాలోనే ఉంటాయి. అక్కడ ఊరంటే రెవెన్యూ గ్రామం, పంచాయతీ కాదు. మీది శివారు పల్లె అయితే విడిగా కనపడదు, అసలు ఊరి అంకెలోనే కలిసిపోయి ఉంటుంది.

అక్షరాస్యత దగ్గర దాదాపు అందరూ తప్పు చేస్తారు. ఏడేళ్ళు నిండని పిల్లల్ని జనాభాలోంచి తీసేసి, మిగిలిన అంకెతో భాగించాలి. ఉదాహరణకు జనాభా 3,200, అందులో ఏడేళ్ళు నిండనివాళ్ళు 310, చదువొచ్చినవాళ్ళు 1,850 అనుకోండి. 1,850ని 2,890తో భాగిస్తే 64 శాతం. మొత్తం జనాభాతో భాగిస్తే 58కి పడిపోతుంది, ఊరికి లేని వెనకబాటు అంటగట్టినట్టు అవుతుంది. పిల్లల్లో ఆడామగా నిష్పత్తిని మాత్రం ఒక్క ఊరికి లెక్కగట్టకండి. 162 మంది మగపిల్లలకు 148 మంది ఆడపిల్లలుంటే వెయ్యికి 914. ఇంకో అయిదుగురు ఆడపిల్లలు ఉంటే అదే 944. మండలం మొత్తం కలిపి చూస్తేనే దానికో అర్థం.

ఎక్కువమంది పట్టించుకోని సంగతి లెక్కలు తీసిన నెల. 2011లో ఎన్యూమరేటర్లు (ఇంటింటికీ వచ్చి లెక్క రాసుకునేవాళ్ళు) ఫిబ్రవరి 9 నుంచి 28 వరకు తిరిగారు. ఆ రోజులన్నీ ఇంట్లో లేనివాళ్ళని అక్కడ రాయరు, ఎక్కడ దొరికితే అక్కడ రాస్తారు. అవి మన పల్నాడు వైపు మిరప కోతల రోజులు. కోసిగి, ఆదోని వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలు పిల్లల్తో సహా వచ్చి, చేల పక్కన గుడారాలేసుకుని కోతలయ్యేదాకా ఉంటాయి. ఆ ఇరవై రోజులూ ఇక్కడే ఉన్నవాళ్ళని రాసుకుంటే మిరప పండే ఊరికి జనం పెరుగుతారు, కర్నూలు జిల్లా ఊరికి తగ్గుతారు. అటు విజయవాడ హాస్టళ్ళలో చదివే మన పిల్లలు విజయవాడ లెక్కలోకి పోతారు. మీది కృష్ణా డెల్టా, ఆ నెలలో చేలల్లో ఉండేది మిరప కాదు, మినుము. పల్నాడు ఊరితో పోల్చేటప్పుడు ఈ తేడా మర్చిపోకండి.

ఇంకొకటి, “సాగుదారులు” అన్న గడి చూసి ఊళ్ళో భూమి ఉన్నవాళ్ళు ఇంతమంది అని రాసేస్తుంటారు. కౌలుకు చేసేవాళ్ళు కూడా అందులోనే ఉంటారు. పొలం కౌలుకిచ్చి, సాగు సంగతే చూడకుండా గుంటూరులో ఉండే ఆసామి ఆ గడిలో ఉండడు. కౌలు ఎక్కువున్న మన వైపు ఇది చిన్న తేడా కాదు. భూమి ఎవరిదన్నది తెలియాలంటే ప్రభుత్వ భూమి రికార్డుల సైటు మీభూమిలో 1బి (ఎవరి పేరిట ఎంత భూమి ఉందో చెప్పే రికార్డు) చూసుకోవాల్సిందే.