బదిలీపై చేరే విద్యార్థికి వసతి ఎక్కడ?

ప్రశ్న: కాలిఫోర్నియాలో రెండేళ్ల కమ్యూనిటీ కాలేజీ పూర్తిచేసిన మా అబ్బాయి యూసీఎల్‌ఏ (లాస్‌ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం)లో మూడో సంవత్సరంలో చేరుతున్నాడు. క్యాంపస్‌ హాస్టల్లో ఉండమనాలా, స్నేహితులతో బయట అద్దెకు ఉండమనాలా?
– ఒక తల్లి, గుంటూరు

జవాబు: అమ్మా, మొదటి ఏడాది క్యాంపస్‌లోనే ఉండమనండి. బదిలీపై చేరేవారికి రెండేళ్ల వసతి కల్పిస్తామని ఆ విశ్వవిద్యాలయం 2022లో హామీ ఇచ్చింది. అయితే గడువులోగా దరఖాస్తు చేసుకోవడం తప్పనిసరి. తోటివారంతా రెండేళ్ల ముందే స్నేహాలు కుదుర్చుకున్న చోటికి మధ్యలో వెళ్లే పిల్లవాడికి, భోజనశాలలో పక్కన కూర్చునే నలుగురు దొరకడం చిన్న విషయం కాదు. బయటి ఇల్లు చవకగా కనిపించినా, ఒప్పందం సాధారణంగా 12 నెలలకు ఉంటుంది. అందరూ కలిసి సంతకం చేస్తే, ఒకరు మధ్యలో వెళ్లిపోయినప్పుడు ఆ వాటా అద్దె తరచూ మిగిలినవారి మీదే పడుతుంది. ఎఫ్‌-1 (విద్యార్థి) వీసా అయితే, ఇల్లు మారిన 10 రోజుల్లోగా కొత్త చిరునామాను తెలియజేయాలి.