అమ్మణ్ణీ, బోటుకి బ్రేకుండదు

కావలి

చి.ల.సౌ. అమ్మణ్ణికి మామయ్య ఆశీస్సులు.

డిసెంబరు సెలవులకి మీరిద్దరూ మెక్సికోలోని కాన్‌కూన్ పోతున్నారనీ, అక్కడ మనమే నడుపుకునే స్పీడ్‌బోటూ, నోట్లో గొట్టం పెట్టుకుని నీళ్ళ పైన తేలుతూ చేపల్ని చూసే స్నార్కెలింగూ కలిసిన టూరు తీసుకుంటున్నారనీ మీ అమ్మ చెప్పింది. స్టీరింగు నీదంట, అల్లుడుగారు పక్క సీటంట. బాగానే ఉంది. అయితే అదేదో కారు నడిపినట్టేలే అనుకుని పోవద్దు. మన ఫైబర్ బోట్లకి వెనక తగిలించే ఇంజనుదీ దాందీ ఒకటే జాతి, దాని గుణాలు తెలుసు కాబట్టి కొంచెం పెద్దగానే రాస్తున్నా. తీరిగ్గా చదువుకో.

ముందు దారి చెబుతా. కాన్‌కూన్‌లో హోటళ్ళన్నీ ఒక సన్నటి ఇసుక పట్టీ మీద ఉంటాయి. ఒక పక్క కరీబియన్ సముద్రం, ఇంకో పక్క నిచుప్తే అనే ఉప్పునీటి మడుగు. ఇద్దరు పట్టే చిన్న బోట్లు మడుగు వైపు రేవులో బయల్దేరతాయి. మడ చెట్ల మధ్య కాలవల్లో పోయి, నిజుక్ వంతెన కింద దూరి సముద్రంలోకి వచ్చి, పుంటా నిజుక్ దగ్గరున్న పగడపు దిబ్బ కాడ ఆగుతాయి. మొత్తం కలిపి రెండు, రెండున్నర గంటలు. అందులో నీళ్ళలో గడిపేది అరగంటో ముప్పావు గంటో. గైడు ముందు పోతుంటాడు, మిగతావాళ్ళు వరసగా వెనక రావాలి. కాబట్టి దారి వెతుక్కునే పని నీకు లేదు. వేగమూ, ముందు బోటుకీ నీకూ మధ్య ఎడమూ, ఈ రెండే నీ చేతిలో ఉంటాయి.

చలికాలంలో అక్కడ ఉత్తరపు గాలి లేస్తుంది, దాన్ని వాళ్ళు నోర్తే అంటారు. అది గట్టిగా వీచిన రోజు రేవు అధికారులు చిన్న బోట్లని సముద్రంలోకి పోనివ్వరు. అందుకని టూరుని సెలవు చివరి రోజుకి పెట్టుకోవద్దు. మొదటి రెండు రోజుల్లో పెట్టుకుంటే గాలి అడ్డమొచ్చినా ఇంకో రోజుకి మార్చుకోవచ్చు. అదీ పొద్దున మొదటి బ్యాచ్‌లో తీసుకో. గాలి తక్కువగా ఉంటుంది, వేరే బోట్ల అలలు ఉండవు, దిబ్బ దగ్గర జనం కాళ్ళతో లేపిన ఇసుకా ఉండదు.

రేవులో బోటెక్కే ముందు ఫోన్ తీసి బోటు నాలుగు వైపులా, వెనక ప్రొపెల్లర్ రెక్కలూ ఫొటోలు తీసుకో. రెక్క అంచు ముందే విరిగి ఉంటే, తిరిగొచ్చాక ఆ లెక్క నీ కార్డు మీద పడకుండా ఉంటుంది. టూరు ధర కట్టినా రేవు రుసుమనీ, ఆ దిబ్బ ఉన్న సముద్ర పార్కు రుసుమనీ అక్కడ విడిగా అడుగుతారు, డాలర్లు చేతిలో ఉంచుకో. లైఫ్ జాకెట్ బకిల్స్ అన్నీ పెట్టాక, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగమని అల్లుడుగారికి చెప్పు. అది నీ గడ్డం దాటి పైకొస్తే సైజు పెద్దదని అర్థం, మార్పించుకో.

ఇక బోటు. స్టీరింగు పక్కన ఎర్రగా స్ప్రింగులా చుట్టుకున్న తాడు ఒకటి ఉంటుంది. దాని కొక్కెం నీ జాకెట్‌కో మణికట్టుకో తగిలించాలి. నువ్వు సీటులోంచి ఎగిరిపడితే తాడు ఊడి ఇంజను ఆగిపోతుంది. అది తగిలించకపోతే మనిషి లేని బోటు గుండ్రంగా తిరిగి నీళ్ళలో పడ్డ మనిషి మీదికే వస్తుంది. తాడు స్టీరింగుకి చుట్టుకోకుండా చూసుకో, లేకుంటే మలుపులో ఊరికే ఊడి ఇంజను ఆగిపోతుంటుంది. ఇంజను ఎంతకీ స్టార్ట్ కాకపోయినా ముందు చూడాల్సింది ఈ తాడే.

చాలా బోట్లకి కుడిచేతి పక్క ఒక లివరు ఉంటుంది. అది నిటారుగా ఉంటే న్యూట్రల్. పిడి కింద బొత్తాం నొక్కి ముందుకు తోస్తే టక్కుమని గేరు పడుతుంది, అక్కణ్ణుంచి ఇంకా తోస్తే వేగం. వెనక్కి లాగితే రివర్సు. ముందు గేరులోంచి నేరుగా రివర్సులోకి లాగొద్దు, న్యూట్రల్‌లో రెండు సెకన్లు ఆపి అప్పుడు లాగు. స్టార్ట్ కాగానే ఇంజను వెనకవైపు సన్నటి ధారగా నీళ్ళు చిమ్ముతున్నాయా అని చూడు. అది ఇంజనుని చల్లార్చే నీళ్ళు. ఆ మడుగు అడుగున గడ్డి చాలా ఉంటుంది. గడ్డిగాని ప్లాస్టిక్ సంచిగాని నీళ్ళు పీల్చే జల్లెడకి అడ్డం పడితే ధార ఆగిపోతుంది, కాసేపటికి బీప్ మోగుతుంది. అప్పుడు న్యూట్రల్‌లోకి తెచ్చి, ఇంజను ఆపి, చెయ్యెత్తి గైడుని పిలు. చెయ్యి పెట్టి నువ్వే లాగొద్దు.

బోటుకి బ్రేకుండదు. లివరు న్యూట్రల్‌కి తెచ్చినా బోటు తన పొడవుకి ఎన్నో రెట్లు జారుతూనే పోతుంది. పైగా ప్రొపెల్లర్ తిరగకపోతే స్టీరింగు కూడా దాదాపు పనిచెయ్యదు. భయపడి లివరు గబుక్కున న్యూట్రల్‌కి లాగేస్తే రెండు చేదు అనుభవాలు ఒకేసారి: తిప్పినా తిరగదు, నీ వెనక తరుముకొస్తున్న అల వెనక చెక్క మీదుగా లోపలికి పడుతుంది. కాబట్టి వేగం కొంచెం కొంచెంగా తగ్గించు. గంటకి 40 కిలోమీటర్లంటే సెకనుకి 11 మీటర్లు. ముందు బోటు 50 మీటర్ల దూరంలో ఉన్నా నీకు ఐదు సెకన్లు కూడా లేవు. మన జీటీ రోడ్డు మీద బస్సు వెనక బైకు పోయినట్టు అంటుకుని పోతే ఇక్కడ కుదరదు. అసలు 50 మీటర్ల కంటే దగ్గరికి పోకు. వాళ్ళు జారవిడిచిన టోపీ కోసం ఆగితే నువ్వు పోయి వాళ్ళ మీదెక్కుతావు.

స్టీరింగు తిప్పితే కారు ముందు చక్రాలు దారి పడతాయి. బోటులో అట్లా కాదు, వెనక భాగం బయటికి ఊడ్చుకుంటూ పోతుంది. రేవు పక్కనుంచి తప్పుకునేటప్పుడు స్టీరింగు మొత్తం తిప్పితే వెనక కొస పోయి దుంగకి కొట్టుకునేది ఇందుకే. అద్దె బోట్లకి దెబ్బలన్నీ ఎక్కువగా రేవు దగ్గరే, అదీ నెమ్మదిగా పోయేటప్పుడే తగులుతాయి.

వేగం పెంచేటప్పుడు మధ్యలో ఒక ఘట్టం వస్తుంది. బోటు ముక్కు పైకి లేచి ఎదర ఏముందో కనిపించదు. అక్కడే నిదానంగా పోదాం అనిపిస్తుంది కొత్తవాళ్ళకి, కానీ అదే చెడ్డ వేగం. ఇంకొంచెం తోస్తే ముక్కు దిగి బోటు నీళ్ళ పైన తేలి పరిగెడుతుంది, అప్పుడు లివరు కాస్త వెనక్కి తెచ్చుకో. లేదా పూర్తిగా నెమ్మదిగా పో. మధ్యలో ఉండిపోవద్దు.

ఇంకో బోటు అల అడ్డమొస్తే దాన్ని పక్కవాటుగా తీసుకోవద్దు, నిలువుగానూ గుద్దొద్దు. కొంచెం ఏటవాలుగా కొయ్యి. వేగం తగ్గించాల్సింది అల రాకముందే. అల ఎక్కాక తగ్గిస్తే ముక్కు దిగబడి నీళ్ళు లోపలికొస్తాయి. అల్లుడుగార్ని కాళ్ళు రెండూ నేలకి ఆనించి, పిడి పట్టుకుని, వీపు సీటుకి గట్టిగా బిగించకుండా కూర్చోమను. బోటు లేచి పడ్డప్పుడు ఆ దెబ్బంతా నడుముకి తగులుతుంది. నడుము నొప్పి ఉన్నవాళ్ళూ, గర్భిణీలూ ఈ టూరు జోలికి పోనేకూడదు.

మనిషి నీళ్ళలో పడితే ముందు న్యూట్రల్. అదే క్షణంలో స్టీరింగు ఆ మనిషి పడ్డ వైపుకే తిప్పు. అప్పుడు వెనక ప్రొపెల్లర్ అవతలి వైపుకి తొలుగుతుంది. చాలామంది భయంతో దూరంగా తిప్పి ప్రొపెల్లర్‌నే మనిషి మీదికి తెస్తారు. తిరిగి దగ్గరికి వచ్చేటప్పుడు, చెయ్యి అందేలోపే ఇంజను ఆగిపోయి ఉండాలి. న్యూట్రల్ చాలదు, తాళం తిప్పి ఆపేయ్యి.

కాలవ గుర్తుల సంగతి ఒకటి. మన కృష్ణపట్నం రేవులోకి సముద్రం నుంచి వచ్చే ఓడకి ఎర్ర బోయాలు, అంటే నీళ్ళలో తేలే గుర్తులు, ఎడమ చేతి వైపు ఉంటాయి. అమెరికా ఖండాల్లో దానికి తలకిందులు, లోపలికి వస్తుంటే ఎర్రవి కుడివైపు. గైడు ఉంటాడు కాబట్టి నీకు అవసరం పడకపోవచ్చు, అయినా గుర్తుంచుకో. ఎదురుగా బోటు వస్తే మాత్రం నువ్వు నీ కుడివైపుకి తప్పుకోవాలి. మన ఊళ్ళో రోడ్డుకి ఇది తిరగబడ్డ లెక్కగాని, డాలస్‌లో నడిపేదానివి నీకేం కొత్త కాదులే.

నన్నడిగితే ఈ టూరులో జాగ్రత్త పడాల్సిన చోటు బోటూ కాదు, పగడపు దిబ్బా కాదు. ఆ రెంటికీ మధ్య ఉన్న ఐదు నిమిషాలు. అరగంట బోటు నడిపి వచ్చినవాళ్ళకి భుజాలు బిగుసుకుని ఉంటాయి, గుండె వేగంగా కొట్టుకుంటుంటుంది, ఊపిరి పైపైన ఆడుతుంటుంది. వెంటనే నీళ్ళలోకి దూకి సన్నటి గొట్టంతో ఊపిరి పీల్చమంటే ఒళ్ళు ఒప్పుకోదు. గాలి చాలలేదనిపించి గబగబా పీలుస్తారు, ఇంకా చాలనట్టు అవుతుంది. గైడు తొందరపెట్టినా సరే, కూర్చుని పది నిదానమైన ఊపిర్లు తీసుకోండి. నిచ్చెన మెట్ల మీదుగా దిగి, తాడు పట్టుకుని, ముఖం నీళ్ళలో పెట్టి ఒక నిమిషం అక్కడే ఊపిరాడండి. కుదురుకున్నాకే తాడు వదలండి. మీరు దిగేటప్పుడు పక్కనున్న ఏ బోటు ఇంజనూ తిరుగుతూ ఉండకూడదు.

అల్లుడుగారికి బీపీ ఉందన్నావు. మాత్ర మానకుండా, డాక్టర్ని అడిగే పోవాలి. నీళ్ళు మింగకపోయినా ఆయాసం, దగ్గు మొదలైతే అది సర్దుకుంటుందిలే అని చూడకూడదు. వెల్లకిలా తిరిగి, గొట్టం తీసేసి, చెయ్యెత్తి ఊపి వెంటనే బయటికి రావాలి. ముఖమంతా కప్పే మాస్కులు అమ్ముతున్నారు, అవి వద్దు. విడిచిన గాలి లోపలే తిరిగే ప్రమాదం ఉంది, నీళ్ళొస్తే గబుక్కున తియ్యడమూ కష్టం.

మాస్కు మీరే కొనుక్కుని పొండి. కొనేటప్పుడు పట్టీ వెయ్యకుండా ముఖానికి ఆనించి ముక్కుతో కొంచెం గాలి పీల్చండి. చెయ్యి వదిలినా అంటుకుని నిలబడితే అది మీ ముఖానికి సరిపోయినట్టు. అల్లుడుగారి మీసం కాడే తంటా. ముక్కు కింద అర సెంటీమీటరు మేర నున్నగా గీయించుకోమను, లేకుంటే ఆ సందులోంచి నీళ్ళు కారుతూనే ఉంటాయి. పట్టీ బిగించినకొద్దీ అంచు మడతపడి ఇంకా కారుతుంది, కాబట్టి వదులుగానే ఉంచాలి. వెంట్రుకలు అంచు కింద ఇరుక్కోకూడదు. కళ్ళద్దాలు మాస్కులో పట్టవు, నీ పవర్‌కి తగ్గ అద్దాల మాస్కు దొరుకుతుంది, ముందే ఆర్డర్ ఇవ్వు. అద్దానికి లోపల ఉమ్మి రుద్ది ఒకసారి కడిగితే మంచు పట్టదు. అసహ్యమనుకుంటే చుక్క బేబీ షాంపూ.

గొట్టం ఎడమవైపు. దాంట్లో నీళ్ళు పడితే తల ఎత్తకుండానే ఒక్కసారిగా గట్టిగా ఊదు, పైనుంచి ఎగిరిపోతాయి. మాస్కులో నీళ్ళు చేరితే తల పైకెత్తి, పై అంచు నొసటికి నొక్కి ముక్కుతో ఊదు. ఈ రెండూ మీ అపార్ట్‌మెంట్ పూల్‌లో నడుము లోతులో నిలబడి వచ్చేదాకా చెయ్యండి. ఈత వచ్చినవాళ్ళు కూడా ఇక్కడ తడబడతారు, ఎందుకంటే ముక్కు మూసుకుని నోటితో ఊపిరాడటం ఒంటికి అలవాటు లేని పని.

దిబ్బ దగ్గర ప్రవాహానికి ఎదురు మొదలుపెట్టి, దాంతో పాటే తిరిగి రండి. అలిసిపోయినప్పుడు నీళ్ళే మిమ్మల్ని బోటు దగ్గరికి తెస్తాయి. నీళ్ళలో ఏదైనా దాదాపు మూడోవంతు పెద్దగా, నాలుగో వంతు దగ్గరగా కనిపిస్తుంది. మూడు మీటర్లలో ఉందనుకున్న పగడం నిజానికి నాలుగు మీటర్లలో ఉంటుంది. అందుకని చేప పెద్దదని బెదరొద్దు, పగడం అందుతుందని కాలూ చాపొద్దు. పసుపు, గోధుమ రంగుల్లో కొసలు తెల్లగా ఉండేదాన్ని ఫైర్ కోరల్ అంటారు, తగిలితే కారం రాసినట్టు మండుతుంది. తగిలితే సముద్రపు నీళ్ళతోనే కడుగు, మంచినీళ్ళు పోస్తే మంట పెరుగుతుంది.

తాళి, నల్లపూసలు, ఉంగరాలు హోటల్ లాకర్‌లో పెట్టేసి పో. తళుక్కుమనేది ఏదైనా చిన్న చేపనుకుని బారకుడా అనే కోరపళ్ళ చేప దగ్గరికొస్తుంది, అదీగాక తడి వేలినుంచి ఉంగరం జారితే దొరకదు. మీ అత్తగారికి ఏం చెప్పాలో నువ్వే చూసుకో. ఆ పార్కులో క్రీములు రాసుకుని దిగనివ్వరు, కాబట్టి ఎండకి పొడుగు చేతుల ఈత చొక్కా వేసుకో. బోర్లా తేలుతుంటే వీపూ, పిక్కలూ మాడేది తెలియనే తెలియదు. పొద్దున ఇడ్లీ లాంటిదేదో కొంచెం తిని పొండి, ఖాళీ కడుపుతో వద్దు. వాంతుల మాత్ర అల్లుడుగారు వేసుకోవచ్చు, బోటు నడిపే నువ్వు మాత్రం వద్దు, నిద్ర తెస్తుంది. రిసార్టులో మందు ఉచితమేగదా అని ముందు రోజు రాత్రి మొదలుపెడితే ఆ టూరు మానుకోవడం మేలు.

సంక్రాంతికి వచ్చేటప్పుడు ఆ మాస్కు మైపాడుకి తేవద్దు. పెన్న తెచ్చే ఒండ్రు వల్ల మన తీరంలో నీళ్ళ కింద చెయ్యి చాపితే చెయ్యి కనపడదు, కెరటం పడి వెనక్కి లాగే లాగుడు వేరే. పిల్లలకి చూపించాలంటే నెల్లూరులో ఏ స్విమ్మింగ్ పూలో చూద్దాం.

టూరు వాళ్ళు సంతకం పెట్టమని పంపిన కాగితం ఫొటో తీసి నాకు పంపు. బోటుకి దెబ్బ తగిలితే మీరు ఎంతవరకు కట్టాలో అందులో రాసి ఉంటుంది. మీ ఇన్సూరెన్స్‌కి ఫోన్ చేసి, మనం నడిపే బోటుకి వర్తిస్తుందా అని ఆ మాటతోనే అడుగు. ఊరికే వాటర్ స్పోర్ట్స్ అంటే అవునంటారు.

ఇట్లు
మీ మామయ్య